పెట్టెలో పులి

ఆ సోమవారం పొద్దున దేవమ్మ పెట్టుకున్న పని చిన్నదే. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు చర్చికి వెళ్లి తండ్రి పెట్టెను తుడిచి, కూతురు రేఖతో దాని మీద ఒక్క పాట వాయించి చూసుకుని రావడం. ఆ పప్పు ఏమైందో తరువాత ఎవరూ అడగలేదు.

పెట్టె అంటే గిటారు శబ్దాన్ని పెద్దది చేసే యాంప్లిఫయరు. పెబ్బేరు దగ్గరి ఆ ఊరికి ఎన్నడో ఒక తెల్లదొర తెచ్చి, పోతూ పోతూ దేవమ్మ తండ్రి ఆశీర్వాదానికి ఇచ్చిపోయాడు. పాత రేడియోల్లోలా దాని లోపల గాజు వాల్వులు ఉంటాయి. మీట నొక్కగానే పలకదు. వాల్వులు ఒక్కొక్కటే నిప్పుకణికల్లా ఎర్రబడాలి. అంతదాకా చర్చి మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆశీర్వాదం వాయించినన్నాళ్లూ దాని గొంతులో చిన్న జీర కూడా లేదని ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆయన పోయాక అది గుడ్డ కప్పుకుని మూలకు చేరింది.

మూలలో కూడా దానికి చోటు లేదన్నాడు ప్రశాంత్. కొత్తగా బడిపంతులు ఉద్యోగం వచ్చి, అంతకంటే కొత్తగా చర్చి కమిటీకి కార్యదర్శి అయిన మనిషి. కీబోర్డు కొనాలని అతని కోరిక. ఆదివారం కోతల పండుగ నాడు పెట్టె శుభ్రంగా పలికితే ఉంచుదాం, లేకపోతే పాతసామాన్ల బండికి వేద్దాం అని కమిటీని ఒప్పించాడు. తండ్రి వేళ్ల గుర్తులున్న వస్తువు అదొక్కటే మిగిలిన దేవమ్మ, పలుకుతుందిలే అని ధీమాగా ఊరుకుంది.

గద్వాలలో డిగ్రీ చదువుతూ గిటారు నేర్చుకున్న రేఖ తీగ మీటింది. పెట్టె గుర్రుమంది. ఇంకోసారి మీటింది. ఇంకాస్త కోపంగా గుర్రుమంది.

"అమ్మా, తాత పెట్టె ఎవరినో తిడుతుంది."

"మీ తాత ఎన్నడు ఎవరిని తిట్టలె. మళ్ల కొట్టు."

చర్చి వెనక గోడకు ఆనుకునే ఎల్లన్న పిండిగిర్ని ఉంది. పొద్దున, సాయంత్రం జొన్నలు పట్టించుకునేవాళ్లతో అది మోగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు ఊరివాళ్ల చెవులకు ఎప్పుడో నిశ్శబ్దంలో కలిసిపోయింది. పైన బల్బు గుడ్డిగా వెలుగుతోంది. ఆ ఊళ్లో బల్బు గుడ్డిగా వెలగడం కూడా ఎవరూ పట్టించుకునే సంగతి కాదు.

సంఘపెద్ద కాబట్టి దేవమ్మ భర్త వెంకటన్న రంగంలోకి దిగాడు. వైరు మార్చాడు. ప్లగ్గు తిరగేసి పెట్టాడు. పెట్టె కింద పీట వేశాడు. ఏదీ కుదరక దాని ముఖాన్ని తూర్పుకు తిప్పాడు. పెట్టె తూర్పు దిక్కుగా గుర్రుమంది. మంగళవారం సాయంత్రం తలకు పిండి అంటుకుని వచ్చిన ఎల్లన్న పెట్టె వెనక మూత తీయించి, లోపలికి తొంగి చూసి, వాల్వులకు దుమ్ము పట్టిందని, అది తన గిర్ని పిండే అయి ఉంటుందని నొచ్చుకున్నాడు. జర తుడవమన్నాడు. అంతే అన్నాడు.

కానీ కరెంటు పోని రాత్రి లేని ఊళ్లో ఒక ఇల్లాలి చేతికి మసిబారిన గాజు ఇస్తే ఆమె ఏం చేస్తుంది? దేవమ్మ చిన్నప్పటి నుంచి రోజూ కందీలు చిమ్నీని ఎలా తోమిందో వాల్వులనూ అలాగే తోమింది. చాటలో వేసుకుని ఇంటికి తెచ్చి, పొయ్యిలోని మెత్తటి బూడిద పెట్టి, కింది ఇత్తడి కాళ్లతో సహా ఒకదాన్నీ వదలకుండా రుద్ది, పాత చీరముక్కతో తుడిచి, ఎండలో పరిచింది. అవి వాన వెలిసిన రాత్రి చుక్కల్లా తళతళలాడాయి.

మరునాడు వాటిని చూసి ఎల్లన్న అరుగు మీద కూర్చుండిపోయాడు.

"వదినె, వీటి మీద నంబర్లుండాలె. ఏది ఏ బొక్కల పోవాల్నో వాటిని చూసే పెడతరు."

"గవి నంబర్లా? మసి అనుకున్న."

పెద్దవి పెద్ద బొక్కల్లోకి, చిన్నవి చిన్న బొక్కల్లోకి, మిగతాది దేవుడి చేతిలోకి అని వెంకటన్న తీర్మానించాడు. అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. వాల్వులు ఎర్రబడ్డాయి. బూడిద పెట్టి తోమిన గాజులోంచి ఆ వెలుగు ఎంత ముద్దుగా వచ్చిందంటే, మళ్లీ మూత బిగించాలని ఎవరికీ బుద్ధి పుట్టలేదు. రేఖ తీగ మీటింది. కాళ్లకు పట్టిన చిలుము కూడా వదిలిందేమో, పెట్టెకు గొంతు రెట్టింపైంది. గుర్రుమనడం కూడా.

గోడకు అవతల, గిర్నిలో జొన్నలు పోస్తున్న జంగమ్మ గంప వదిలేసింది. నేల అదిరిందని ఒకసారి, రేకులు లేచి పడ్డాయని ఇంకోసారి చెప్పింది. శనివారం పెబ్బేరు సంతకు ఎద్దులను తోలుకుపోయిన ఆమె మొగుడు అదే మాటను బేరాల మధ్య మరికాస్త పెంచాడు. సంత ముగిసేసరికి, చర్చిలో ఒక పెట్టె ఉందని, దాని కడుపులో నిప్పులున్నాయని, తీగ ముట్టుకుంటే పులి పలుకుతుందని వడ్డేపల్లి దాకా పాకింది.

ఆ వారమంతా పొద్దునా సాయంత్రం పెట్టెను బతిమాలి ఓడిపోయిన దేవమ్మ, ఆదివారం ఉదయం తండ్రికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని చర్చికి వెళ్లింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఎన్నడూ ఇటు తొంగి చూడనివాళ్లు కూడా కిటికీలకు వేలాడుతున్నారు. ముందు వరుసలో జంగమ్మ, తన సొంత పులిని చూపించడానికి వచ్చినదానిలా కూర్చుంది. ప్రశాంత్ ఆ జనాన్ని చూసి చొక్కా సర్దుకుంటూ, సర్దుకుంటూనే ఉన్నాడు.

వాల్వులు వెలిగాయి. రేఖ తాత పాట ఎత్తుకుంది.

గుర్రుమనలేదు. ఒక్కొక్క స్వరం కడిగిన ముత్యంలా వచ్చి గాలిలో నిలబడింది. ఆశీర్వాదం వాయించినప్పటి గొంతే అది. పాట అయ్యేదాకా దేవమ్మ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. ముసలివాళ్లు తలలు వంచి విన్నారు. పెట్టె గెలిచింది.

"పులి ఏది?" అంది జంగమ్మ.

కిటికీల దగ్గర గొణుగుడు మొదలైంది. ఇంత దూరం నడిపించి మోసం చేశారని ఎవరో అన్నారు. వెనక వరుసలు లేచాయి. ప్రశాంత్ నిండిన బెంచీలను, ఖాళీ అవుతున్న బెంచీలను చూసి దేవమ్మ దగ్గరికి ఒంగాడు.

"అక్కా, గా గురగుర ఏమైంది?"

"పోవాలంటివి గద తమ్మి. పోయింది."

"ఇంతమంది ఎన్నడన్న వచ్చిన్రా మనకు? గది రాకుంటె వీళ్లు మళ్ల రారు. పెట్టె ఉంచి ఏం లాభం, కీబోర్డే నయం."

పులి ఉంటే పెట్టె పోతుందని వారమంతా కుమిలిన దేవమ్మకు, పులి లేకపోతే పెట్టె పోతుందని అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. సాయానికి పైకి చూసింది. బల్బు తెల్లగా, ధారాళంగా వెలుగుతోంది. వారమంతా అది గుడ్డిదే. వారమంతా లేని ఇంకో వింత కూడా ఆమెకు అప్పుడు వినబడింది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. మూడో వరుసలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎల్లన్న కూర్చున్నాడు. ఆదివారం ఆయన గిర్నికి తాళం.

ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"నీ గిర్ని నడిస్తె మా కరెంటు గుంజుకపోతుంది ఎల్లన్న. గందుకే పెట్టె గుర్రుమంటుంది. జర పోయి నడుపు."

"ఆదివారమా వదినె? పాపం తగుల్తది. ఖాళీగ తిప్పితె రాళ్లు గుడ అరుగుతయ్."

"జొన్నలు నేను పోస్త. పాపం ప్రశాంత్ చూసుకుంటడు."

కాసేపటికి గోడ అవతల గిర్ని బెల్టు పట్టుకుంది. బల్బు గుడ్డిదైంది. రేఖ తీగ మీటింది. పెట్టె కడుపులోంచి పులి లేచి చర్చి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. వెళ్లిపోతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడే కూర్చున్నారు. ఒక ముసలాయన తలరుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. పసిపిల్లలు కూడా ఏడవలేదు. జంగమ్మ చుట్టూ చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఆడించింది.

పెట్టె ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది, తీర్మానం ప్రశాంతే చదివాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ముందు తాత పాట ఒక్కటి శుభ్రంగా వాయిస్తారు, అది దేవమ్మ కోసం. ఆ తరువాత ఎల్లన్న దేవమ్మ తెచ్చిన జొన్నలు తీసుకుని లేచి వెళ్తాడు.

వెంకటన్న ఇంట్లో మాత్రం వారమంతా జొన్నరొట్టెలే.