అన్నిటికీ అవునండీ అన్న రేడియో

ఆ ఉదయం అద్దాలాయన వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఒక బస్సు డ్రైవరు కళ్ళజోడు ముందురోజు జారి, అతని బస్సు చక్రం కిందే పడి పిండయిపోయింది. కొత్తది పెట్టుకుంటే తప్ప బండి ఎక్కనివ్వమని డిపోలో చెప్పేశారు. తన కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, అతని కళ్ళు చూసి, జోడు బిగించి పంపించి, తిరిగొచ్చి రేడియో ముందు కూర్చోవాలి. అంతసేపూ తన బదులు రేడియోనే డ్యూటీ చేస్తుంది.

డ్యూటీ అంటే ఆషామాషీది కాదు. ఎడతెరిపి లేని వానకి ఊరి పక్క వాగు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. సరదాకి రేడియో సెట్లు పెట్టుకుని దూరదూరాల వాళ్ళతో కబుర్లు చెప్పుకునేవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక సంఘం ఉంది. ఫోన్లు ఎప్పుడు మూగబోతాయో తెలియదు గనక, ఎవరి వీధిలో నీళ్ళు ఎలా ఉన్నాయో రేడియోలో చెబుతూ ఉండమని సహాయ కేంద్రంవాళ్ళు ఆ సంఘాన్ని కోరారు. కేంద్రంలో సెట్టు ముందు కూర్చున్నది సంఘం కార్యదర్శి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆవిడని అందరూ ఎక్స్ఛేంజి అమ్మగారు అంటారు. లైను మీద అరిచేవాణ్ణి నమ్మకూడదని, నెమ్మదిగా మాట్లాడేవాడు అబద్ధం చెప్పడని ఆవిడకి గట్టి నమ్మకం.

అద్దాలాయనకి రేడియో అంటే ప్రాణం. దాని ముందు కూర్చోవడమంటేనే బద్ధకం. రాబోయే రోజుల్లో రేడియో ఎలా ఉండాలో ఏడాదిగా భోజనాల దగ్గర భార్యకీ అత్తగారికీ వినిపిస్తున్నాడు. పిలుపు ఎటునుంచి వస్తే యాంటెనా తనంతట తాను అటు తిరగాలి. అవతలివాళ్ళ గొంతు సన్నగా ఉంటే తన బలం తానే పెంచుకోవాలి. కరెంటు పోతే చడీచప్పుడు లేకుండా బ్యాటరీ మీదికి మారిపోవాలి. యజమాని గొంతుతో జవాబు చెప్పాలి. ఇంకొంచెం ముందుకెళితే, ఎవరితో మాట్లాడితే మనసుకి హాయో అదే ఎంచుకుని, విసిగించేవాళ్ళకి ఆయనకి జలుబు చేసిందని చెప్పి పంపెయ్యాలి.

"అన్నీ అదే చేస్తే మీరేం చేస్తారు?" అని భార్య ఒకసారి అడిగింది.

"పర్యవేక్షిస్తాను."

ఆవిడ కంచాలు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

అనుకున్నవాటిలో సగం ఆయన నిజంగానే తయారు చేశాడు. జవాబు దగ్గరే కాస్త రాజీ పడ్డాడు. యంత్రానికి అర్థం చేసుకునే తెలివి పెట్టడం తన వల్ల కాలేదు. అందుకని అవతలివాళ్ళ మాటల్లో చివరి ముక్కని పట్టుకుని, అందులో ప్రశ్న ఉంటే తీసేసి, ముందు 'అవునండీ' చేర్చి, వెనక 'ధన్యవాదాలు' తగిలించి, తన గొంతుతోనే తిరిగి పలికేలా చేశాడు. లోకంలో చాలామంది ఇంతకంటే ఎక్కువేం మాట్లాడుతున్నారని సర్దుకున్నాడు. ఇక అత్తగారు ఊరికే కూర్చోలేని మనిషి. దుమ్ము దులిపే ఉత్సాహంలో ఒకసారి ఊడబీకిన తీగలు ఎక్కడెక్కడివో ఎంతకీ తేలలేదు. అప్పట్నించీ ఆ మేడమీది గది తలుపు ఆయన బొటనవేలు ఆనిస్తేనే తెరుచుకుంటుంది.

ఆయన షాపు వాగు వైపు ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉంది. డ్రైవర్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకి పరీక్ష చట్రం తగిలించి, చేతి సెట్టు బల్లమీద పెట్టుకుని వింటూ అద్దాలు మార్చి మార్చి చూపిస్తున్నాడు. తన సృష్టి ఎలా మాట్లాడుతుందో వినాలన్న ఉబలాటం లోపల ఉంది.

ఎక్స్ఛేంజి అమ్మగారు వరసగా అందర్నీ పలకరించి ఆయన వంతుకి వచ్చింది. మీ వీధి ఎలా ఉంది, నీళ్ళేమైనా వచ్చాయా అని అడిగింది.

"అవునండీ, నీళ్ళు వచ్చాయి. ధన్యవాదాలు" అంది ఆయన గొంతు, ఆయన నోటి ప్రమేయం లేకుండా.

అద్దాలాయన చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. ఎంతవరకూ వచ్చాయి, మోకాళ్ళ దాకానా అని అమ్మగారు అడిగింది. అవునండీ, మోకాళ్ళ దాకా. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిక్కుకున్నారా? అవునండీ, పెద్దవాళ్ళు చిక్కుకున్నారు. ధన్యవాదాలు.

ఆయన చేతి సెట్టు లాక్కుని మీట నొక్కాడు. కంగారులో గొంతు పెద్దదైపోయింది. ఆ మాట్లాడేది నేను కాదండీ, అది మిషను, అసలు అద్దాలాయన్ని నేను, మా వీధిలో చుక్క నీళ్ళు లేవు అని గబగబా అరిచాడు. అంత గబగబా అరిస్తే యంత్రానికి చివరి ముక్క అందలేదు, అది పట్టించుకోలేదు.

"ఎవరో మీ పేరు పెట్టుకుని ఆకతాయి వేషాలు వేస్తున్నట్టున్నారు" అంది అమ్మగారు, ఆయనతో కాదు, యంత్రంతో.

"అవునండీ, వేషాలు వేస్తున్నట్టున్నారు. ధన్యవాదాలు."

సహాయ కేంద్రానికి ఉన్న పడవ ఒక్కటే. దాన్ని లారీ మీద ఎక్కించుకుని దళం ఆయన వీధికి బయల్దేరిందని అమ్మగారు ప్రకటించింది. అద్దాలాయన కేంద్రానికి ఫోన్ చేశాడు. ఊళ్ళో సగంమంది అదే పని చేస్తున్నట్టున్నారు, లైను దొరకలేదు. భార్యకి దొరికింది. సంగతంతా ఒక్క గుక్కలో చెప్పి, తలుపు తెరవలేవు గనక మెయిను ఆపెయ్యమన్నాడు. ఆవిడ వెళ్ళి ఆపేసింది.

"ఇల్లంతా చీకటి చేశాను. లోపల ఇంకా మాట్లాడుతూనే ఉంది" అంది తిరిగొచ్చి.

"బ్యాటరీ ఉంది."

"ఎంతసేపు వస్తుంది?"

"మూడు రోజులు" అన్నాడు. అంత ఆపదలోనూ ఆ గొంతులో కాస్త గర్వం తొంగిచూడటం ఆవిడకి తెలిసిపోయింది. ఫోన్ పెట్టేసింది.

ఇక ఇంటికి పరుగెత్తడమే అనుకుని ఆయన గొడుగు అందుకున్నాడు. డ్రైవరు చట్రంలోంచి గుడ్లప్పగించి చూస్తూ, తననిలా సగం చూపుతో వదిలేసి వెళతారా అని అడుగుతున్నాడు. అప్పుడే చేతి సెట్టులో సన్నగా, గరగరమంటూ ఒక ఆడగొంతు వినిపించింది.

సంఘంలోనే ఉన్న తేనెటీగల ఆవిడ. వాగు అవతలి ఒడ్డున పెట్టెలు పెట్టి తేనె తీస్తుంది. అక్కడ ఫోన్లు పనిచేయవు గనక ఎప్పుడూ సెట్టు నడుముకి తగిలించుకుని తిరుగుతుంది. ఇప్పుడు ఆవిడా, పనివాళ్ళు ముగ్గురూ రేకుల షెడ్డు పైకెక్కి కూర్చున్నారు. వాళ్ళలో ఒకామెకి ఈత రాదు. తేనె పెట్టెలు కొట్టుకుపోయాయి, వాగు షెడ్డు చుట్టూ తిరిగింది, నీళ్ళు పెరుగుతున్నాయి అని ఆవిడ చెబుతోంది. చెబుతున్నది సహాయ కేంద్రానికి. కానీ కేంద్రం దాకా ఆ గొంతు చేరడం లేదు. చేరింది వాగు వైపున్న ఈ చేతి సెట్టుకీ, అద్దాలాయన ఇంటి యాంటెనాకీ మాత్రమే. అది చక్కగా ఆవిడ వైపు తిరిగింది, సన్నటి గొంతుకి తగ్గట్టు తన బలం పెంచుకుంది.

"అవునండీ, నీళ్ళు పెరుగుతున్నాయి. ధన్యవాదాలు" అని ఊరంతటికీ వినిపించేలా చెప్పింది.

అయ్యో, అద్దాలాయన వీధిలో నీళ్ళు పెరుగుతున్నాయట, పడవని తొందరగా పోనివ్వండి అంది అమ్మగారు.

అద్దాలాయన గొడుగు కింద పెట్టేశాడు. అక్కణ్ణించి కదిలితే, మెట్లు దిగితే, ఆ గొంతు ఇక వినపడదు. వింటున్న మనిషి తనొక్కడే. ఇంతకుముందు పోయేది పరువు. ఇప్పుడు నాలుగు ప్రాణాలు. మీట నొక్కి, తేనె షెడ్డు మీద మనుషులున్నారని మళ్ళీ కేకపెట్టాడు. అమ్మగారు జాలిగా విని, నాయనా ఎవరివో గానీ జనం ప్రాణాలతో ఆడుకోకు అంది. ఆడుకోకు అన్నమాట యంత్రానికి కూడా నచ్చింది.

ఈలోగా భార్య మళ్ళీ ఫోన్ చేసింది. పడవ వచ్చేసింది. వీధి పొడిగా ఉందని దళం నాయకుడు తన బూట్లు చూసుకుని మరీ ఒప్పుకున్నాడు, కానీ చిక్కుకున్న పెద్దావిణ్ణి ఎక్కించమని తనకి ఉత్తర్వు ఉందట. లోపల్నించి అల్లుడి గొంతు అవునండీ అవునండీ అంటుంటే ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉందని ఆయనకి అనుమానం కూడా వచ్చింది. అత్తగారు తేలే కోటు తొడుక్కుని లారీ మీదున్న పడవలో కూర్చుంది. దిగమంటే దిగడం లేదు.

"అమ్మ ఇప్పటిదాకా పడవ ఎక్కలేదట" అంది భార్య. "మీరు ఏదో ఒకటి చెయ్యండి. నా మాట వీళ్ళు వినడం లేదు."

తన మాటా ఎవరూ వినడం లేదనబోయి అద్దాలాయన ఆగిపోయాడు. వినేది యంత్రం మాట. యంత్రం వినేది ఎవరు ఏం చెబితే అది. ఇంతసేపూ దానితో పోట్లాడుతున్నాడే గానీ, దాని చేత చెప్పించవచ్చన్న ఆలోచన రాలేదు. రేకుల మీంచి ఆవిడ గొంతు మళ్ళీ వచ్చింది. కాళ్ళకి నీళ్ళు తగులుతున్నాయట. ఇంతకుముందున్న ధైర్యం ఆ గొంతులో లేదు.

ఆయన డ్రైవర్ని ఒక్క నిమిషం ఊపిరి కూడా గట్టిగా పీల్చొద్దని సైగ చేశాడు. మంచినీళ్ళు తాగాడు. గొంతు తగ్గించి, పెళ్ళివారి ముందు మాట్లాడుతున్నట్టు తీపిగా, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అద్దాలాయన గారూ, నమస్కారం. చిన్న సందేహమండీ. మీ వీధిలో నీళ్ళు లేవా?"

"అవునండీ, మీ వీధిలో నీళ్ళు లేవు. ధన్యవాదాలు."

'మీ' అన్నమాట కొంప ముంచేలా ఉంది. మళ్ళీ అడిగాడు, ఈసారి ఒక్కో మాటా తూచి.

"అయితే మనుషులు చిక్కుకున్నది వాగు అవతల తేనె షెడ్డు మీదా?"

"అవునండీ, మనుషులు చిక్కుకున్నది వాగు అవతల తేనె షెడ్డు మీద. ధన్యవాదాలు."

జవాబు వచ్చేలోగా అద్దాలాయన తన జన్మలో చేసిన తప్పులన్నీ తలుచుకున్నాడు. తర్వాత అమ్మగారి గొంతు వచ్చింది, మారిపోయి, పనిలో దిగిన మనిషి గొంతులా. ఎంతమంది అని అడిగింది. పనివాళ్ళు ముగ్గురూ, ఆవిడా కలిపి నలుగురేనా అని అద్దాలాయన తీపిగా అందించాడు. అవునండీ, నలుగురే అంది యంత్రం. పడవని వెంటనే తేనె షెడ్డుకి మళ్ళించమని, వాగు మలుపు దగ్గర నీళ్ళలోకి దించమని అమ్మగారు ఉత్తర్వు వేసింది.

అత్తగారిని దింపడానికి వ్యవధి లేకపోయింది. లారీ ఆవిడతో సహా వెళ్ళింది.

ఆ తర్వాత అద్దాలాయన చేసిందల్లా కిటికీ దగ్గర నిలబడి వినడం. రేకుల మీంచి వచ్చే ప్రతి మాటకీ యంత్రం అడ్డుపడకుండా, ముందే ఏదో ఒక మర్యాద ప్రశ్న వేసి దాన్ని మాటల్లో పెట్టాడు. వాతావరణం చల్లగా ఉందా అన్నాడు. ఆరోగ్యం బాగుందా అన్నాడు. అది ధన్యవాదాలు చెబుతూ పోయింది. ఆ సందులో తేనెటీగల ఆవిడ మాటలు తను ఒక్కడే విన్నాడు. పడవ కనిపిస్తోందని ఆవిడ అన్నప్పుడు, పక్కనున్న డ్రైవరు చట్రం తీసేసి కళ్ళు తుడుచుకున్నాడు. అద్దాలాయన తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

నలుగురూ ఒడ్డు చేరారు. ఈత రాని పనమ్మాయిని పడవలోకి లాగేటప్పుడు ఆమె రెండో చెయ్యి పట్టుకున్నది అత్తగారేనని, వచ్చేవరకూ వదల్లేదని దళం నాయకుడు నలుగురిలోనూ చెప్పాడు. డ్రైవరు మధ్యాహ్నానికి కొత్త జోడుతో డిపోకి వెళ్ళాడు. అద్దాలాయన ఇంటికొచ్చి, బొటనవేలు ఆనించి తలుపు తీసి, బ్యాటరీ తీగలు పీకేశాడు. భార్య గుమ్మంలో నిలబడి అంతా అయ్యేదాకా చూసి, అన్నానికి పిలిచింది.

వాన తగ్గాక సంఘం సమావేశమైంది. అంత గందరగోళంలోనూ గొంతు పెంచకుండా, ప్రతి మాటకీ ధన్యవాదాలు చెబుతూ నాలుగు ప్రాణాలు కాపాడిన అద్దాలాయనకి శాలువా కప్పారు. ఆయన లేచి, శాలువా మడిచి బల్లమీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. డ్యూటీ వదిలి వెళ్ళింది తనేనని, నెమ్మదిగా మాట్లాడింది యంత్రమని, మధ్యలో అరిచిన ఆకతాయి తానేనని చెప్పాడు. చెప్పేకొద్దీ జనం ఇంకా ఇంకా మెచ్చుకోలుగా చూడటం మొదలుపెట్టారు.

"చూశారా, వేరేవాడి తప్పు కూడా తన నెత్తిన వేసుకుంటున్నారు" అంది ఎక్స్ఛేంజి అమ్మగారు. "ఇలాంటి మనిషి పేరు వాడుకున్న ఆ దుర్మార్గుణ్ణి వదలకూడదు."

వాణ్ణి పట్టుకోవడానికి అక్కడికక్కడే ఒక విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడిగా ఎవరుండాలన్నదాని మీద అద్దాలాయన పేరు తప్ప రెండో పేరే రాలేదు. ఆ రోజు తన కోసం అరిచిందెవరో తెలిసిన తేనెటీగల ఆవిడ ఒక్కతే వెనక వరసలో కూర్చుని, ఆయన వంక చూసి చిన్నగా నవ్వింది.

విచారణ ఇంకా సాగుతోంది. అనుమానితుడు ఊరు విడిచి పోలేదని మాత్రం అధ్యక్షుడు ప్రతి సమావేశంలోనూ గట్టిగా చెబుతున్నాడు.