సముద్రం వైపు సీట్లు

సాయంత్రం ఐదింటికి రెండు రైలు టికెట్లు బుక్ చేయాలి. అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న రిటైర్డ్ ఇంజనీరు వాసుదేవరావుగారు పొద్దున కాఫీ తాగుతూ వేసుకున్న ప్లాన్ అంతే. రైలు మాత్రం జపాన్‌ది.

నలభై ఏళ్ల కిందట, పెళ్లైన కొత్తలో, కంపెనీ ఆయన్ని ఏడాదిపాటు జపాన్ పంపింది. భార్య ప్రమోద గుంటూరులో ఉండిపోయింది. ప్రతి శనివారం ఆయన సముద్రం వెంబడి ఆరు గంటలు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు. పక్క సీటు ఖాళీగా ఉంటే దిగులు, ఎవరైనా కూర్చుంటే కోపం. అక్కడ ప్రమోద కూర్చోవాలి. ఆ కోరిక ఇన్నేళ్లూ ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు పిల్లలు జపాన్ టూర్ పెట్టి, ఒక్క మంగళవారం వీళ్లిద్దరికీ వదిలారు.

అక్కడ టికెట్లు సరిగ్గా నెల ముందు ఉదయం పదింటికి ఇస్తారట. ఫ్రీమాంట్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రం ఐదు. అది చదవగానే ఆయనకి తత్కాల్ బుకింగులు గుర్తొచ్చాయి. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది, ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకోవాల్సిందే. ఇంట్లో చూస్తే ఇద్దరే.

ఎదురింటి లోకేష్‌కి ఫోన్ చేశారు. "బాబూ, నువ్వు కూడా ఒకసారి ట్రై చెయ్యి. సముద్రం వైపే సుమా."

"డోంట్ వర్రీ అంకుల్, సేఫ్టీకి నాలుగు బుక్ చేస్తా."

వాకింగ్ స్నేహితుడు అంజయ్య ఇంకా ఉత్సాహవంతుడు. "మన వాకింగ్ గ్రూప్‌ల పెట్టేస్త సార్. అందరం ఒక్కసారే కొడదాం," అన్నాడు. పెట్టేశాడు కూడా. లోకేష్ కూడా ఆ గ్రూప్‌లో ఉన్నాడు.

ఐదైంది. ఆయన ఒంటి వేలితో పేరు టైప్ చేసేసరికి సముద్రం వైపు ఇరవై ఎనిమిది సీట్లూ నిండిపోయాయి. "అయిపోయింది ప్రమోదా. జపాన్ వాళ్లు మనకంటే గట్టివాళ్లు," అన్నారు నీరసంగా.

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. లోకేష్‌కి నాలుగు దొరికాయి. అంజయ్యకి నాలుగు. లెక్క తేలింది: ఏడిళ్లు, ఇంటికి నాలుగు. జపాన్ మనిషి ఒక్కడూ లేడు. వాసుదేవరావుగారు సిగ్గుపడి గ్రూప్‌లో రాశారు: "నాకు రెండు చాలు. మిగతావి దయచేసి క్యాన్సిల్ చేయండి."

పది నిమిషాలాగి లోకేష్‌ని అడిగారు. "నీవి నాకు పంపు బాబూ."

"క్యాన్సిల్ చేసేశానంకుల్. అంజయ్య అంకుల్‌వి ఫ్రంట్ రో కదా, అవే తీసుకుంటారనుకున్నా."

అంజయ్యని అడిగితే, "లోకేష్ సీట్లు మంచిగుంటయని నావి తీసేసిన సార్," అన్నాడు. మిగతా అయిదిళ్లూ ఇదే మర్యాద పాటించాయి.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నలభై ఏళ్లు ప్రమోదా. నువ్వు పక్కన లేవని ఆ రైల్లో ఏడ్చిన రోజులున్నాయి. నీకెప్పుడూ చెప్పలేదు."

ప్రమోద ఆయన భుజం నిమిరి, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. క్యాన్సిలైన సీట్లన్నీ తిరిగొచ్చి, రైలు పెట్టె మొత్తం ఖాళీగా ఉంది.

"మంగళవారం పూట ఆ రైలు ఎవరెక్కుతారండీ, మీరు తప్ప? ఎక్కడ కావాలో చెప్పండి." రెండు సీట్లు నొక్కింది. "ఇంతకీ ఎంతసేపు ప్రయాణం?"

"ఆరు గంటలు. అంతా సముద్రమే."

"హమ్మయ్య. హాయిగా నిద్రపోతాను."

వాసుదేవరావుగారు అభ్యంతరం చెప్పలేదు. ఆరు గంటలూ ఆమె తల వాలేది తన భుజం మీదే.