మూడో పేజీలో కారిన నీళ్ళు

పైవాళ్ళ పైపు పగిలి, మా పడగ్గది కప్పు సరిగ్గా నా దిండు మీదే కారడం మొదలుపెట్టింది. బిల్డింగు సెక్రటరీకి చెప్పాలి. ఏం చెప్పినా "చూద్దాం" అంటాడని మా ఆవిడ ఆయనకు చూద్దాంగారని పేరు పెట్టింది.

"వెళ్ళి గట్టిగా చెప్పి రండి," అంది.

గట్టిగా చెప్పడం నాకు చేతకాదు. ఆ మాట పెళ్ళాంతో అనలేం కదా!

"ఇంగ్లీషులో ఒక్క ఉత్తరం పడేస్తే పరుగెత్తుకొస్తాడు. పాతికేళ్ళుగా ఆఫీసులో డ్రాఫ్టులు రాస్తున్న చెయ్యి ఇది!"

"దానికి ప్లంబరు రాకపోతే?"

"నెల రోజులు గిన్నెలు నేనే తోముతాను!"

నోరు జారింది. ఏం చేస్తాం?

మూడు పేజీలు రాశాను. ఆఫీసు పద్ధతి ప్రకారం మొదటి పేజీ నిండా ఆయన దక్షత, దీక్ష, దూరదృష్టి. రెండో పేజీలో నా వినయం. నీళ్ళు మూడో పేజీ అడుగున కారాయి.

మర్నాడు చూద్దాంగారు నిజంగానే పరుగెత్తుకొచ్చాడు. మా ఆవిడ వైపు చూసి మీసం మెలేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకున్నది మీరొక్కరే సార్! మొదటి పేజీకి ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించాను."

"మరి మిగతా పేజీలు?"

"మొదటిదానికే కడుపు నిండిపోయింది సార్. తీరిగ్గా చూద్దాం!"

కళ్ళు తుడుచుకుంటున్న మనిషికి ప్లంబరు సంగతి ఎలా చెప్పను? టీ ఇచ్చి పంపించాను.

"పరుగెత్తుకొచ్చాడా లేదా?" అన్నాను.

"ప్లంబరొచ్చాడా?" అంది.

మంచం మీద బకెట్టు నిండుతోంది. మా ఆవిడ సామాన్ల చీటీ వెనక ఇంగ్లీషులోనే రెండు ముక్కలు గీకింది: మా పడగ్గదిలో నీళ్ళు కారుతున్నాయి, ఈ రోజే ప్లంబర్ని పంపండి.

"గౌరవనీయులైన అని కూడా లేదేమిటే?"

"నీళ్ళేమైనా గౌరవంగా కారుతున్నాయా?"

ఆ చీటీ చూద్దాంగారికి అందిన గంటలో ప్లంబరు వచ్చాడు. నేను సింకు దగ్గరికి వెళ్ళాను.

ఎనిమిదో రోజుకి వేళ్ళు నానిపోయి, ప్రాణం విసిగింది. మళ్ళీ కలం పట్టాను. మొదటి పేజీలో మా ఆవిడ సహనం, సౌశీల్యం. రెండో పేజీలో నా నడుం నొప్పి. మూడో పేజీ అడుగున గిన్నెల నుంచి విముక్తి కోరుతూ విన్నపం.

ఆవిడ తిన్నగా మూడో పేజీ తీసింది.

"మొదటి రెండూ చదవ్వా?"

"ఫ్రేము కట్టిస్తాను లెండి," అంటూ అడుగున ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి చేతికిచ్చింది.

నో.

పాతికేళ్ళ సర్వీసులో అంత స్పష్టమైన ఇంగ్లీషు నేను చూడలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాను.