నిలువు పలకలు తెచ్చిన తంటా

ఆ ఉదయం పటాలకు ఫ్రేములు కట్టే మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెచ్చులూడిన వర్క్‌షాపు ముందు గోడకు చెక్క పలకలు నిలువుగా కొట్టేయడం, స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకోవడం, నాలుగింటికి వచ్చే హోటలు యజమానురాలికి నవ్వుతూ ఎదురెళ్ళడం. ఆవిడ ఏదో పాత భవనం కొని హోటలు తెరుస్తోంది, గదిగదికీ పటాలు కావాలట. ఆ ఆర్డరు వస్తే వర్క్‌షాపు నిలబడుతుంది. రాకపోతే తాళం వేసి, ఈ వయసులో మళ్ళీ ఇంకొకరి దగ్గర పనికి చేరాల్సిందే.

కలప డిపోలో టేకు ధర విని మర్యాదగా రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు వెంట వచ్చిన బావమరిది ఓ మూల పడి ఉన్న సన్నటి పలకలు చూపించాడు. ప్యాకింగ్ పెట్టెలకు కోయగా మిగిలినవి.

"ఇవైతే చవక బావా. సన్నవి కాబట్టి గీతలు ఎక్కువ పడతాయి, గోడ దర్జాగా ఉంటుంది" అన్నాడు. మేస్త్రీ తలూపాడు. అక్కడే కొంప మునిగింది.

మేస్త్రీకి వంకర అంటే ఒళ్ళుమంట. చుట్టాలింటికి వెళ్తే ముందు గోడమీది పటం సరిచేసి, ఆ తర్వాతే కుశలం అడిగే రకం. దారానికి ఇనుప గుండు వేలాడదీసి, ఒక్కో పలకనూ దాంతో సరిచూసి మరీ మేకులు కొట్టాడు. పదకొండింటికి గోడ నిండింది. వీధిలోకి వెళ్ళి చూసుకున్నాడు.

పలకలు తిన్నగానే ఉన్నాయి. వర్క్‌షాపే ఎడమకు ఒరిగి ఉంది! ఇరవై ఏళ్ళుగా ఎవరి కంటా పడని వాలు, అన్ని తిన్నని గీతలు పక్కన పడేసరికి వీధి చివరికి కనిపిస్తోంది.

"పలకల్ని కూడా కాస్త వాల్చు బావా. గోడెలా ఉంటే అలా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిరా!"

"ఆర్డరిచ్చేది నువ్వు కాదుగా!"

మేస్త్రీ పళ్ళు నూరుకుంటూ మేకులన్నీ పీకి, పలకలన్నీ వాల్చి కొట్టాడు. ఇప్పుడు గోడ బాగుంది. కిటికీని మాత్రం ఏ మహానుభావుడు పెట్టాడో గానీ తిన్నగా పెట్టాడు, అందుకని అది వంకరగా కనిపించింది. దాన్ని ఊడదీసి వాల్చి బిగించారు. అది కాగానే తలుపు తేడాగా కనిపించింది. దాన్నీ ఊడదీశారు. మంచినీళ్ళు తెచ్చిన మేస్త్రీ భార్య గుమ్మం ముందు ఆగిపోయింది.

"ఏవండీ, పలకలు కొడతాననేగా వచ్చారు? తలుపెందుకు ఊడింది?"

"నన్నడక్కు. మీ తమ్ముణ్ణడుగు."

"తలుపు వంకరక్కా" అన్నాడు తమ్ముడు.

"నిన్నటిదాకా బాగానే పడిందిగా?"

"నిన్నటిదాకా తెలీదక్కా!"

ఇంతలో పక్కింటి డ్రిల్లు మాస్టారు రొప్పుతూ వచ్చాడు. ఆయన రిటైరై పదేళ్ళయినా మెళ్ళో విజిల్ మాత్రం రిటైరవలేదు.

"ఏమయ్యా మేస్త్రీ! నా ఇల్లు ఒరిగిపోయిందేమిటయ్యా!"

"మీ ఇల్లు తిన్నగానే ఉంది మాస్టారూ. ఒరిగింది నా వర్క్‌షాపు."

"మరి చూడ్డానికి నాదే ఒరిగినట్టుందేం? పొద్దున బాగానే కొట్టావు, మళ్ళీ అలాగే కొట్టు!"

"అలా కొడితే నాది ఒరిగినట్టుంటుందండీ."

"ఒరిగిందేగా మరి!"

మాస్టారు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ పోరు పడలేక ఆయన ఇంటివైపు సగం పలకలు తిన్నగా, ఇవతలి సగం వాలుగా కొట్టారు. మధ్యలో మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన ముక్కలు దోపారు. నాలుగయ్యేసరికి ఆ గోడ నిద్రలేచిన తలలా ఉంది. మేస్త్రీకి నిజంగానే ఏడుపొచ్చింది.

"నా నోటికాడి కూడు తీసేశావు కదరా" అన్నాడు. బావమరిది వంగి, కిందపడ్డ మేకులు ఏరసాగాడు.

హోటలు యజమానురాలు కారు దిగి, గోడను చూసి తల ఎడమకు వంచింది, తర్వాత కుడికి వంచింది.

"ఇది మీరు కొట్టిందేనా?"

మేస్త్రీకి అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "నేనేనమ్మా. తిన్నగా కొడితే షాపు వంకరగా కనిపించింది. షాపుకు తగ్గట్టు కొడితే పక్కిల్లు వంకరగా కనిపించింది. ఇద్దరికీ సర్దిచెప్పబోతే ఇలా తయారైంది. తప్పు పలకలది కాదు, గోడది."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ మాట చెప్పినవాళ్ళు మీరొక్కరేనండీ! మా హోటలుకి ముగ్గురు మేస్త్రీలొచ్చారు. కొలిచి కొలిచి పటాలు తిన్నగా పెట్టారు. ఒక్కటీ తిన్నగా కనిపించలేదు. అదేమంటే, నా కళ్ళే బాలేవన్నారు. ఆర్డరు మీకే. రేపే వచ్చేయండి."

మేస్త్రీ చేతిలోంచి సుత్తి జారిపోయింది. భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. కాసేపటికి గానీ అతనికి అనుమానం రాలేదు.

"అంటే అమ్మా... మీ హోటలు కూడా...?"

"కాస్త" అందావిడ.

ఆ కాస్త నాలుగంతస్తులనీ, ఏ అంతస్తుకా అంతస్తు వేరే వైపు ఒరిగిందనీ మర్నాడు తెలిసింది.