చోటు కోసం కొన్న కారు

ముందుగా ఒక మాట. ఒత్తులు ఎక్కడైనా జారిపోయినా, దీర్ఘాలు పొట్టివైపోయినా మన్నించండి. మా ఆయన ఉన్నన్నాళ్లూ చదవాల్సినవన్నీ ఆయనే చదివిపెట్టారు. ఆయన పోయాక, బస్సుల మీద బోర్డులు చదువుకోవడానికి అక్షరాలు పట్టుకున్నాను. ఈ ఊళ్లో బస్సు కదలదు కాబట్టి ఒక్కో బోర్డూ కూడబలుక్కుని చదవడానికి కావలసినంత టైము దొరికింది. రాయడమూ అంతే నిదానం. అయినా ఇప్పుడు చెప్పబోయే కారు కన్నా నా కలమే వేగం.

ఆ కారు కళ్లద్దాలాయనది. కళ్లద్దాల షాపులో పని చేస్తారు కాబట్టి వీధిలో ఆయనకి ఆ పేరు. పొద్దుటి నుంచీ ఊరందరి చూపూ సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, తన ముక్కు కింద ఏం జరుగుతోందో కనిపెట్టలేని మనిషి.

ఆయనా ఇల్లాలూ ఈ వీధిలో ఇల్లు తీసుకున్నప్పుడు ఇది ఊరి చివర. ప్రశాంతంగా ఉంటుందని తీసుకున్నారు. ఆ తెలివి ఆయన ఒక్కరికే పుట్టి ఉంటే ప్రశాంతంగానే ఉండేది. ఇంకో లక్ష మందికి పుట్టింది. ఊరు మెల్లగా నడుచుకుంటూ వచ్చి, వీళ్ల వీధిని దాటుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

రద్దీ తగ్గాలని ఊరి చుట్టూ ఒక పెద్ద రోడ్డు వేశారు. రోడ్డు పడింది కదా అని దాని చుట్టూ ఇళ్లు లేచాయి. ఆ ఇళ్ల రద్దీ తగ్గాలని రోడ్డు మీద వంతెన కట్టారు. ఇదివరకు జనం కిందే ఆగేవాళ్లు. ఇప్పుడు కిందా ఆగుతున్నారు, పైనా ఆగుతున్నారు. పైన ఆగినవాళ్లకి గాలి బాగా తగులుతుంది. అభివృద్ధి అంటే అదేనట.

ఇల్లాలి తల్లి ఊరికి ఆ కొసన, నాలుగో అంతస్తులో, ఒంటరిగా ఉండేది. ఆ పెద్దావిడకి కంటి ఆపరేషన్ అయింది. పూటపూటా కంట్లో చుక్కలు వేయడానికి ఒక మనిషి కావాలి. ఇల్లాలు ఇంట్లో కర్టెన్లు కుడుతుంది. కుట్టే పని పక్కన పెట్టి, బస్సు మారి బస్సు ఎక్కి వెళ్లి, చుక్కలు వేసి, "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, జవాబు వినేలోగా తిరుగు బస్సుకి లేచేది. మిగతా పూటల చుక్కలు ఆ పెద్దావిడ తనే వేసుకునేది. అవి కంట్లో తప్ప మొహమంతా పడేవి.

అమ్మని మన దగ్గరికి తెచ్చేసుకుందాం అని ఇల్లాలు అడిగింది. ఇంట్లో చోటేదీ అన్నారు కళ్లద్దాలాయన. మనిషి కాళ్లు చాపుకోవడానికి కూడా లేదన్నారు. ఆవిడ మొహం చూసి కొంచెం జంకి, దానికి బదులుగా కారు కొంటానన్నారు. ప్రతి ఆదివారం తల్లి దగ్గరికి దగ్గరుండి తీసుకెళ్తానని మాటిచ్చారు.

కొన్నారు. మొదటి ఆదివారం తీసుకెళ్లారు కూడా. అబద్ధం చెప్పకూడదు.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు, కారు పెట్టుకునే చోట, పక్కింటి పంపులాయన వ్యాను ఉంది. నీళ్ల పంపులు బాగుచేసే ఆ మనిషిని అడిగితే, వీధి మీద ఎవరి పేరూ రాసి లేదని తాపీగా చెప్పాడు. కళ్లద్దాలాయన కారుతో వీధి వీధీ తిరిగారు. చివరికి దాన్ని ఎంత దూరంలో పెట్టారంటే, అక్కడి నుంచి ఇంటికి ఆటో ఎక్కి వచ్చారు.

మర్నాడు వ్యాను కదిలీ కదలగానే పరుగున వెళ్లి కారు తెచ్చి ఆ చోటులో పెట్టారు. బూడిద రంగు కవరు కప్పారు. నాలుగు మూలలా తాళ్లు బిగించారు. ఇక అది కదిలితే ఒట్టు.

మరుసటి ఆదివారం ఇల్లాలు తయారై వచ్చి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నారు ఆయన.

"అమ్మ దగ్గరికి. మాటిచ్చారుగా."

"కారు తీస్తే చోటు పోతుంది."

"తీయడానికి కాకపోతే కారెందుకండీ?"

"చోటు నిలుపుకోవడానికి. ఈ ఊళ్లో చోటు దొరకడమంటే మాటలా?"

"మరి చోటెందుకు?"

"కారు పెట్టుకోవడానికి. అంత మాత్రం తెలీదా?"

ఆవిడ బస్సుకి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి కారు ఇంటి ముందు, కారుగల ఆసామి బస్సులో. షాపుకి వేలాడుతూ వెళ్లి వేలాడుతూ వచ్చేవారు. సెలవు రోజున కవరు తీసి, కారు కడిగి, లోపల కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని రేడియో వినేవారు. కదలని బండికి బెల్టు ఎందుకని పంపులాయన అడిగితే, రూలు రూలేనన్నారు. షాపువాళ్లు పంచిన కళ్లద్దాల బొమ్మ ఒకటి తెచ్చి వెనకద్దానికి అతికించారు. పాపం, ఆ కారు ఎప్పుడూ వెనక్కే చూస్తున్నట్టుండేది. ముందుకి చూసి మాత్రం ఏం చేస్తుంది?

రోజూ భోజనాల వేళ దాటాక షాపు నుంచి ఫోను చేసేవారు. తిన్నావా అని కాదు.

"ఉందా?"

"ఉంది."

అంతే. పెట్టేసేవారు.

ఇలా ఉండగా షాపు యజమాని కొత్త ఇల్లు కట్టుకుని, పనివాళ్లందరినీ విందుకి పిలిచాడు. అందరూ కార్లలో వస్తున్నారు. తనకీ కారుందని ఆయన షాపులో చెప్పని రోజు లేదు. ఇప్పుడు బస్సు దిగి వెళ్తే తల తీసేసినట్టుంటుంది. కారులో వెళ్తే చోటు పోతుంది. ఈ బాధతో అన్నం కూడా సరిగా సయించలేదు. తర్వాత ఒక ఉపాయం తట్టి చంకలు గుద్దుకున్నారు.

మూల పడి ఉన్న పాత మంచాన్ని వడ్రంగి చేతికిచ్చారు. దాని మీద వెదురు బద్దలు వంచి కట్టించారు. ముందువైపు కొంచెం పల్లం, మధ్యలో ఎత్తు, వెనక మళ్లీ పల్లం. పైన బూడిద రంగు కవరు కప్పితే అచ్చం కారే. మంచం కోళ్లకి చక్రాలు కూడా ఉంటే కొనేవాళ్లు దొరికేవాళ్లు.

కారు తీసి, ఆ చోటులో ఈ మంచం చట్రం పెట్టి, విందుకి వెళ్లారు. యజమాని ఇంటి ముందు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తుడవక్కర్లేని అద్దాలు తుడిచి, అందరూ చూశారని రూఢి చేసుకుని లోపలికెళ్లారు. తిరిగొచ్చేసరికి చోటు చోటులానే ఉంది. పంపులాయన వ్యాను వీధి చివర మురుగు కాలువ పక్కన ఉంది. కళ్లద్దాలాయనకి ఆ రోజు కడుపు నిండింది విందు భోజనంతో కాదు.

చట్రాన్ని లోపలికి తెచ్చి ముందు గదిలో పెట్టారు. అది పట్టాలని సోఫాని డాబా మీదికి పంపేశారు.

ఇల్లాలు ఆ చట్రం వంకా ఆయన వంకా చూసి, అయితే ఇకనుంచి ఆదివారాలు అమ్మ దగ్గరికి వెళ్లొచ్చు కదా అంది.

"అస్తమానం వాడితే నలుగురి కంటా పడుతుంది" అన్నారు ఆయన. "ముఖ్యమైన పనులకి ఉంచుకోవాలి."

ఆవిడ ఏమీ అనలేదు. మామూలుగా అయితే ఒకటికి నాలుగు అనేది. భార్య ఏమీ అనకపోవడం కన్నా పెద్ద హారన్ ఏ మొగుడికీ ఉండదు. అది కూడా వినపడకపోతే చెవులకి కూడా ఒక షాపు పెట్టించాలి.

తర్వాత కొన్నాళ్లు ఇల్లు చల్లగా ఉంది. ఆవిడ సణగడం మానేసింది. బస్సుల గురించి ఒక్క మాట లేదు. భార్య దారికొచ్చిందని ఆయన మురిసిపోయారు. ఒక సాయంత్రం మాత్రం ఇంటికొస్తూ, అలవాటుగా కారుని ఒకసారి నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇది వెచ్చగా ఉందేమిటే?"

"ఎండకి."

"పొద్దుటి నుంచీ మబ్బేగా?"

"అంత దుప్పటి కప్పి పెట్టారు. వెచ్చగా కాక చల్లగా ఉంటుందా?"

అదీ నిజమేననుకుని కాళ్లు కడుక్కున్నారు.

ఆ వారంలోనే ఒక రోజు షాపు ముందు రోడ్డు తవ్వారు. అంతకు ముందు తవ్వి పూడ్చిన చోటే, పూడ్చింది సరిగ్గా పూడ్చారో లేదో చూడటానికి కాబోలు. గిరాకీ రాక షాపు పెందలాడే మూసేశారు. కళ్లద్దాలాయనకి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు వంతెన ఎక్కింది. ఎక్కి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసి, తలకి తుండు చుట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

పక్క వరసలో కార్లు బారులు తీరి ఉన్నాయి. కళ్లద్దాలాయనకి వాటిని చూస్తే ప్రాణం లేచొచ్చింది. పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆయనకి చెప్పడం మొదలెట్టారు. నాకూ కారుందండీ, కానీ ఇంటి ముందు భద్రంగా పెట్టుకుని వచ్చాను, ఇలాంటి రద్దీలోకి కారు తెచ్చేవాడంత వెధవ ఇంకొకడు ఉండడు, అదిగో చూడండి అన్నారు.

కిటికీ కిందనే ఒక కారు ఉంది. దాని మీద పరుపు కట్టి ఉంది. పరుపు మీద ఒక కుర్చీ తలకిందులుగా ఉంది. కారు వెనక సీటంతా గిన్నెలూ, మూటలూ.

"కారా అది, చాకిరేవు బండా?" అన్నారు కళ్లద్దాలాయన. "అలాంటి కారే నాకూ ఉంది. చెయ్యి పడనివ్వను." ఆ సంతోషం పట్టలేక ఫోను తీశారు.

"ఉందా?"

"ఉంది" అంది ఇల్లాలు.

"చూసే చెబుతున్నావా?"

"దగ్గరే ఉన్నానండీ. చెయ్యేస్తే తగులుతుంది."

"అన్ని హారన్లు మోగుతున్నాయేమిటి?"

"మీ దగ్గర మోగడం లేదా?"

మోగుతున్నాయి. ఫోనులో ఏ హారన్ మోగుతోందో, కిటికీ బయట అదే మోగుతోంది. సరిగ్గా అప్పుడే ముందున్న బళ్లు జానెడు కదిలాయి. కింద కారు కొంచెం ముందుకి జరిగింది. దాని వెనకద్దం మీద కళ్లద్దాల బొమ్మ, ఆయన వంకే గుడ్లప్పగించి చూస్తోంది.

ఆయన కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి చూశారు. స్టీరింగ్ ముందు ఇల్లాలు. పక్కన నల్లద్దాలతో అత్తగారు. ఆ నల్లద్దాలు ఆయన షాపులో ఎవరూ కొనని జత. ఒక కాడ వదులని తెచ్చి ఉదారంగా ఇచ్చారు. దాన్ని పెద్దావిడ దారంతో కట్టుకుంది. ఆవిడ తలెత్తి చూసి, అల్లుణ్ణి గుర్తుపట్టి, చక్కగా చెయ్యి ఊపింది. ఆపరేషన్ బాగానే జరిగిందన్నమాట.

"ఉందన్నావుగా?" అన్నారు ఆయన ఫోనులో.

"ఉందిగా. మీరూ చూస్తున్నారు."

పక్కనున్న పెద్దమనిషి మోకాళ్లు ఒక పక్కకి తిప్పి దారిచ్చాడు. "దిగండి సార్" అన్నాడు. "వెధవెవరో కనిపించినట్టున్నాడు."

కళ్లద్దాలాయన బస్సు దిగి, బళ్ల మధ్య నుంచి పక్కకి నడుస్తూ వెళ్లి కారు అద్దం కొట్టారు. ఇల్లాలు అద్దం దించింది. ఆయన తాళం ఇవ్వమన్నారు. కారు నడపడం నీకెవరు నేర్పారన్నారు. డ్రైవింగ్ స్కూలు టీచరమ్మకి కర్టెన్లు కుట్టిపెట్టాననీ, ఆవిడ బండి నడపడం నేర్పిందనీ, లైసెన్సు వచ్చి చాలా రోజులైందనీ ఇల్లాలు చెప్పింది. చట్రాన్ని బయటికీ లోపలికీ మోయడానికి పంపులాయన ఒక చెయ్యి వేస్తున్నాడట.

"వాడా?"

"వ్యానుకి నేనే కుట్టిచ్చాను కర్టెన్లు."

"సరే, దిగు. నేను నడుపుతాను."

"నిలపడంలో మీ అంతటివాళ్లు లేరు" అంది ఆవిడ. "కదలాల్సి వచ్చినప్పుడు నేను చూసుకుంటాను. ఎక్కండి, వెనకవాళ్లు తిడుతున్నారు."

వెనక సీటులో మూటల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి కూర్చునేంత సందు ఉంది. ఆయన తన కారులో అలా కూర్చున్నారు. ఒళ్లో పెట్టుకోమని అత్తగారు పూలకుండీ అందించింది. బెల్టు కోసం వెతికారు గానీ మూటల కింద దొరకలేదు.

కొంతసేపటికి తేరుకుని, ఈ సామానంతా ఎక్కడికని అడిగారు. అమ్మని మన ఇంటికి తెస్తున్నానంది ఇల్లాలు. ఆయన, చోటు లేదని చెప్పాను కదా అన్నారు.

ఇల్లాలు అద్దంలోంచి ఆయన్ని చూసింది.

"వెదురు బద్దల కారుకి దొరికిన చోటు మా అమ్మకి దొరకదా?"

వంతెన దిగేదాకా ఆయన పూలకుండీలో మట్టిని చూస్తూ కూర్చున్నారు.

ఇంటి ముందు చట్రం, కవరు కప్పుకుని, బుద్ధిగా కాపలా కాస్తోంది. దాన్ని ఎత్తి లోపలికి మోసింది ఆయనే. పంపులాయన చేతులు కట్టుకుని చూశాడు. ఇల్లాలు కత్తెర తెచ్చి తాళ్లు తెగ్గోసింది. బద్దలన్నీ ఊడదీస్తే లోపల నుంచి శుభ్రంగా మంచం బయటపడింది. దాన్ని ముందు గదిలో కిటికీ పక్కన వేసి, కారు మీది పరుపు దించి పరిచారు. పెద్దావిడ దాని మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. పట్టాయి.

"చట్రం లేకపోతే చోటు ఎలా నిలుస్తుందే?" అన్నారు కళ్లద్దాలాయన, నిజమైన దిగులుతో.

"మీరున్నారుగా" అంది ఇల్లాలు.

ఇప్పుడు ప్రతి ఆదివారం తల్లీకూతుళ్లు కారులో బయల్దేరతారు. ఇంటి ముందు ఖాళీ అయిన చోటులో కళ్లద్దాలాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంటారు. లేస్తే ఎవరో ఒకరు బండి పెట్టేస్తారని మంచినీళ్లకి కూడా లేవరు. దారిన పోతూ పంపులాయన, కవరు కప్పమంటారా అని అడుగుతాడు.

భోజనాల వేళ దాటాక ఆయన ఫోను మోగుతుంది.

"ఉన్నారా?"

"ఉన్నాను."

ఇట్లు,
నల్లద్దాల పెద్దావిడ,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం ఉండేది కూతురి ఇంట్లో, ముందు గదిలో, ఒకప్పుడు కారుగా పని చేసిన మంచం మీద.