ఫిన్నీ సిస్టర్ చెప్పిన లీటరు

ఆ ఉదయం లోవమ్మకు ఉన్న పని ఒక్కటే. పొట్ట స్కాన్ చేయించుకుని, మధ్యాహ్నం బస్సుకు కోరుకొండ దగ్గరున్న తమ ఊరు చేరిపోవడం. కడుపునొప్పితో రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి రెండు రోజులైంది. నొప్పి తగ్గింది. భర్త పల్లంరాజు అప్పుడే సంచి సర్దేశాడు.

ఆ వార్డు నర్సు ఫిన్నీ కొట్టాయం నుంచి వచ్చి పదిహేను రోజులైంది. తెలుగు ఇంకా ముక్కలు ముక్కలుగానే వస్తోంది. స్కాన్‌కు ముందు మూత్రాశయం నిండుగా ఉండాలని ఇంగ్లీషులో చెప్పింది. లోవమ్మ భర్త వైపు చూసింది. భర్త ఫ్యాను వైపు చూశాడు. ఇక లాభం లేదని ఫిన్నీ తెలుగులోకి దిగింది.

"అమ్మా, ఎక్కువ తాగాలి. ఒక లీటర్. తర్వాత స్కాన్."

"ఏం తాగాలి తల్లీ?"

నీళ్ళు అనే మాట ఫిన్నీకి తెలుసు. కానీ ఇంతలో మరో మంచం మీంచి ఎవరో పిలవడంతో, ఆ కంగారులో ఇంట్లో మాట్లాడే మాటే నోట్లోంచి వచ్చేసింది. "వెళ్ళం అమ్మా, వెళ్ళం!" అంటూ అటు పరుగెత్తింది. మలయాళంలో వెళ్ళం అంటే నీళ్ళు.

"బెల్లం తాగాలంటండీ," అంది లోవమ్మ.

పల్లంరాజు వెంటనే తేల్చేశాడు. "పానకం అయ్యుంటుందే. మిషన్‌కి లోపలంతా బాగా కనపడాలి కదా."

ఆయన ఏ పనీ కొంచెంలో చేసే మనిషి కాదు. రెండు కిలోల బెల్లం, మిరియాలు, యాలకులు కొనుక్కొచ్చి, క్యాంటీన్ వాళ్ళనడిగి బిందె తెచ్చి పానకం కలిపాడు. నలుగురు చూస్తుండగా ఒక్కరికే ఇవ్వడం ఆయనకు మర్యాదగా తోచలేదు. మంచం మంచానికీ పంచుతూ తనూ తాగాడు.

"నాకు షుగరండి," అంది పక్క మంచం సూర్యకళ.

"సిస్టరమ్మే చెప్పాకా భయమేంటండీ! పుచ్చుకోండి."

మూడు రోజులుగా చప్పిడి కూడు తింటున్న సూర్యకళ రెండు గ్లాసులు పుచ్చుకుంది.

పన్నెండింటికి ఆమెకు షుగరు చూస్తే నాలుగు వందల ఇరవై! మర్నాడు ఆపరేషను. డాక్టరు శ్రీసుధ మిషన్ పాడైందనుకుని ఇంకోటి తెప్పించింది. అదీ అంతే చూపించింది. ఇంకో ఇద్దరికి చూస్తే వాళ్ళకీ పెరిగే ఉంది. సెలైన్‌లోనే ఏదో కలిసిందని వార్డంతా సెలైన్లు ఆపించింది. మందుల షాపతను పరుగెత్తుకొచ్చి, తన తప్పేం లేదని ఎవరూ అడక్కముందే మొదలుపెట్టాడు.

అంతమంది చెమటలు కక్కుతుంటే చూడలేక పల్లంరాజు గ్లాసుతో ముందుకొచ్చాడు. "ఏంటండీ మేడమ్‌గారూ ఈ హైరానా? కాస్త పానకం పుచ్చుకోండి."

డాక్టరు ఆ గ్లాసు అందుకుని వాసన చూసింది.

"ఇది ఎవరు తాగమన్నారు?"

అందరూ ఫిన్నీ వైపు చూశారు. బిందెలోకి తొంగిచూడగానే ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. నేనలా అనలేదంటే సరిపోయేది. ఆ మాట విన్నది లోవమ్మ, పల్లంరాజు తప్ప ఇంకెవరూ లేరు. ఉద్యోగం కొత్తది, ఇంకా ఖాయం కాలేదు.

"తప్పు నాది మేడమ్. నీళ్ళు అనాలి. వెళ్ళం అన్నాను."

ఆ పూట ఫిన్నీ కూర్చోలేదు. డాక్టరు చెప్పినట్టు సూర్యకళకు ఇన్సులిన్ ఇచ్చి, గంట గంటకీ చూస్తూ ఉంది. పానకం తాగిన ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి, క్షమించమని అడిగి, షుగరు చూసింది. చివరికి పల్లంరాజు దగ్గరికి వచ్చింది.

"నాకెందుకమ్మా? నేను తోడొచ్చినోణ్ణి."

"మీరూ తాగారు కదా. వేలు ఇవ్వండి."

ఐదు వందల పది. ఒక్క పూట పానకానికి ఇంత రాదంది డాక్టరు. ఆరు నెలలుగా బరువు తగ్గుతున్నాడట. ఎండల వల్ల అనుకున్నాడట. "ఇంకొన్నాళ్ళు ఆగుంటే స్పృహ లేకుండా మోసుకొచ్చేవారు మిమ్మల్ని," అని చెప్పి, ఫిన్నీ వైపు తిరిగింది. "తప్పు చేశావు. కానీ ఒక్కరిని కూడా వదిలిపెట్టలేదు. నా వార్డులోనే ఉండు." ఫిన్నీకి ఈసారి తెలుగు పూర్తిగా అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి సూర్యకళ షుగరు దిగింది. ఆపరేషను ఆగలేదు. లోవమ్మ స్కాన్‌లో ఏ దోషమూ కనపడలేదు. పల్లంరాజును మాత్రం కింద మగవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు.

రాత్రి ఊరినుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "వదినకి ఎలా ఉందన్నయ్యా?"

"మీ వదిన బానే ఉందిరా. ఆవిడ కోసం వచ్చిన నన్నే పంపట్లేదు."