పార్కులో చిరుత, చెట్టు మీద ఇంటర్వ్యూ

శ్రీకాంత్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పై ఫ్లాట్‌లో గోడలు పగలగొడుతున్నారు. పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇది దక్కకపోతే బెంగళూరు ఖాళీ చెయ్యాల్సిందే. అతని ఉద్యోగం ఊడిన సంగతి భార్య చాందినికి తప్ప మహదేవపురలోని ఆ లేఅవుట్‌లో ఎవరికీ తెలియదు. సరిగ్గా పదింటికే పార్కు మూసేస్తారు. లోపల నక్కితే సాయంత్రం దాకా పురుగు కూడా రాదు.

వాచ్‌మన్ పిల్లప్ప తాళం వేసి వెళ్లగానే శ్రీకాంత్ వెదురుపొద పక్కన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఎండకు స్క్రీన్ కనిపించలేదు. కింద పరుచుకోవడానికి తెచ్చిన దుప్పటిని తల మీదుగా కప్పుకుని, వంగి కూర్చుని కాల్‌లో చేరాడు. పసుపు రంగు దుప్పటి, ఒంటినిండా నల్లచుక్కలు.

ఎదుటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న మార్త కెవ్వుమంది. మరుక్షణం లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "పార్కులో లెపర్డ్! వెదురుపొద దగ్గర కదులుతోంది!"

శ్రీకాంత్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. చదివాడు. దుప్పటి విసిరేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా నేరేడు చెట్టెక్కాడు.

"ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?" ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అడిగింది.

"ప్రస్తుతానికి కొమ్మ మీద నుంచి, మేడమ్."

ఈలోగా గేటు ముందు జనం పోగయ్యారు.

"లోపల ఎవురూ లేరప్పా, నేనే బీగం ఏసినా!" అన్నాడు పిల్లప్ప.

"మా ఆయన ఉన్నారు! ఇంటర్వ్యూలో ఉన్నారు!" చాందిని ఏడుపు గొంతుతో అరిచింది.

"పార్కులో ఇంటర్వ్యూ ఏంటండీ?"

"ఉద్యోగం పోయిందండీ!"

"తాళం తియ్యి పిల్లప్పా," అంది కిందికి దిగొచ్చిన మార్త. ఒకరి పేరు ఒకరికి తెలియని వాళ్లంతా భుజం భుజం రాసుకుంటూ, చిరుతను బెదరగొట్టడానికి ఇళ్లలోంచి తెచ్చిన కంచాలు మోగిస్తూ లోపలికి నడిచారు. ఆ మోతకు ఇంటర్వ్యూ చేస్తున్నావిడ కాల్ కట్ చేసింది.

పిల్లప్ప కర్రతో పొద పక్కనున్నదాన్ని పైకెత్తాడు. "ఇదేనా మీ పులి? తోక యాడుండాది?"

"అయ్యో, అది మా దుప్పటి!" అంది చాందిని.

ఇంతసేపూ తన నుంచే తాను పారిపోయానని చెట్టు మీద శ్రీకాంత్‌కు అర్థమైంది. కిందికి దిగాడు. నవ్వులు ఆగాక మార్త దగ్గరికొచ్చింది. "సారీ అండీ, అంతా నా వల్లే. ఇంతకీ మీ పేరు? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వచ్చా? మా టీమ్‌లో మనిషి కావాలి."

"మా ఆఫీసులో కూడా అడుగుతా," అన్నాడు కంచం పట్టుకున్నాయన.

ఎవరింట్లోంచో ఉప్మా వచ్చింది. అదే దుప్పటి పరిచి అందరూ కూర్చున్నారు. పిల్లప్ప ఆ రోజు తాళం ఊసెత్తలేదు.

మరుసటి వారం మార్త ఆఫీసులో శ్రీకాంత్‌కు ఉద్యోగం వచ్చింది. ఈసారి ఇంటర్వ్యూ కుర్చీలోనే జరిగింది.